బోరు నీళ్లూ అంబాసిడర్ రంగూ

కొత్తగా రంగు వేయించిన పాత అంబాసిడర్ బానెట్ మీద ఆరు నెలలకే మినపగింజంత బొబ్బలు లేస్తే కోనసీమలో ముందు తిట్లు తినేది పెయింట్ డబ్బా. ఒక బొబ్బను సూదితో పొడిచి చూడండి. నీటిచుక్క వస్తే, అనుమానించాల్సింది వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) ముంచిన బకెట్‌ని.

తీరం వైపు, రొయ్యల చెరువుల మధ్య చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో ప్రైమర్‌ను, అంటే రంగు కింద వేసే అడుగు పూతను, రుద్దితే నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. పైన వేసిన రంగు గాజులా మెరిసినా తేమను కొద్దికొద్దిగా లోపలికి రానిస్తుంది. అడుగునున్న ఉప్పు ఆ తేమలో కరిగి మరింత నీటిని లాగుతుంది. బడిలో చదివిన ద్రవాభిసరణే ఇది. ఎండుద్రాక్ష నీళ్లలో ఉబ్బినట్టు పొర ఉబ్బుతుంది. 20 లీటర్ల ఆర్వో నీళ్ల టిన్నులు రెండు మూడు కొంటే ఈ బెడద తీరుతుంది. సొట్టలు పూడ్చే లప్పాన్ని మాత్రం ఏ నీళ్లతోనూ రుద్దకండి. దానిలోని టాల్క్ పొడి తేమను పీల్చుకుంటుంది. 80, తర్వాత 180 నంబరు కాగితంతో పొడిగానే సాపు చేయాలి. మందం రెండు మూడు మిల్లీమీటర్లు దాటుతోందంటే సొట్ట ఇంకా సరిగా తీయలేదన్నమాట.

రేకు బయటపడిన రోజే జిడ్డు తుడిచి ఎపాక్సీ ప్రైమర్ పడాలి. ఇక్కడి గాలికి ఒక్క రాత్రి చాలు, తుప్పు మొదలవుతుంది. చెమట చేతి ముద్రలోనూ ఉప్పుంటుంది, గ్లవ్స్ తీయొద్దు. ఆపైన పీయూ (పాలీయురెథేన్) ప్రైమర్ రెండు మూడు కోట్లు వేసి, 400, 800 కాగితాలతో రుద్దాలి.

రంగు ఎంచుకునేటప్పుడు డిక్కీ చాప కింద చూడండి, ఎండ తగలని అసలు షేడ్ దొరుకుతుంది. పాత అంబాసిడర్‌కు మెటాలిక్ అతకదు. పైన పారదర్శకమైన క్లియర్ కోటు అక్కర్లేని సాలిడ్ పీయూ రంగే అందం.

స్ప్రే గన్ పట్టే ముందు చిన్న లెక్క. గాలిలో తేమ 100 శాతం నుంచి ఎంత తగ్గిందో దాన్ని 5తో భాగించి, ఉష్ణోగ్రతలోంచి తీసేస్తే మంచు బిందువు, అంటే గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత, సుమారుగా వస్తుంది. 32 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే 28. రేకు దానికంటే కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే రేకు చల్లగా ఉంటుంది, పది దాటనివ్వండి. థిన్నర్ ఆరితే గట్టిపడే పాతరకం డుకో రంగైతే థిన్నర్ ఎగిరిపోతూ రేకును ఇంకా చల్లబరుస్తుంది, తేమ దిగి తెల్లగా పాలిపోతుంది. పీయూ రంగులో కలిపే హార్డెనర్‌కు తేమ తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి సూది బెజ్జాలు పడతాయి. ఆ హార్డెనర్‌లోని ఐసోసైనేట్ ఆస్తమా తెచ్చిపెట్టగలదు. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే ఆగదు, బయటి గాలి అందించే మాస్కు కావాలి.

కంప్రెసర్ ట్యాంకు నీళ్లు రోజూ వదలాలి. గాలిలోని నీటిని పట్టే వాటర్ ట్రాప్ కంప్రెసర్‌ను ఆనుకుని పెడితే ఉపయోగం తక్కువ. అక్కడ గాలి వేడిగా ఉండి నీరు ఆవిరిగానే దాటిపోతుంది. పైపులో చల్లబడ్డాక, గన్ వైపు బిగించాలి. దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు ఎగిరే ఊకను మాత్రం ఏ ట్రాపూ ఆపలేదు.

కోటుకూ కోటుకూ మధ్య 10–15 నిమిషాలు ఆగాలి. తొందరపడితే లోపల చిక్కిన థిన్నర్ పైపొరను పొడుచుకుని బయటికొస్తుంది. బాగా గట్టిపడ్డాక 1500, 2000 కాగితాలు, ఆ తర్వాత మెరుగు పెట్టే కాంపౌండ్. అంచుల దగ్గర పొర పల్చన, అక్కడ మెషిన్ ఆడించకుండా చేత్తో రుద్దండి. బండి దించేలోపు తలుపుల అడుగు రంధ్రాల్లో ఓ తీగముక్క దూర్చి చూడండి. లప్పంతోనో రంగుతోనో పూడుకుపోతే వాననీళ్లు తలుపులోనే నిలుస్తాయి, తుప్పు ఈసారి లోపలి నుంచి వస్తుంది.