గ్రౌండుకి ఎన్ని మీటర్లు? చెన్నై పట్టాల గొడవ ఎక్కడ మొదలైంది

దస్తావేజులో ఒక గ్రౌండు, అంటే 2,400 చదరపు అడుగులు, పట్టాలో అంతకన్నా తక్కువ. చెన్నై శివార్లలో పాత లేఔట్ స్థలాలు చేతులు మారినప్పుడల్లా లేచే తగాదా మళ్లీ లేచింది. అమ్మేవాళ్లు దస్తావేజు చూపిస్తారు, కొనేవాళ్లకి అప్పిచ్చే బ్యాంకు పట్టా అడుగుతుంది. మాధవరం, రెడ్ హిల్స్ వైపు తాతల నాడు స్థలం కొనుక్కున్న తెలుగు కుటుంబాలకి ఇది బాగా తెలిసిన టెన్షన్.

1802లో బ్రిటిష్ సర్వేయర్ లాంబ్టన్ చెన్నైలోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గొలుసు పరిచి దేశాన్ని కొలిచే పని మొదలుపెట్టిన కథ అందరూ విన్నదే. 1956 చట్టం మీటరును దేశమంతటికీ ప్రామాణికం చేసిన సంగతీ కొత్తది కాదు. బట్టల కొట్లో గజం పోయి మీటరు వచ్చినా, నేల బేరం దగ్గర మాత్రం సెంటు, గ్రౌండే నడిచాయి. ఇవాళ్టి గొడవకి మూలం 1979లో ఉంది.

ఆ ఏడాది తమిళనాడు ప్రభుత్వం యూడీఆర్ అనే భూరికార్డుల నవీకరణ పథకం మొదలుపెట్టింది. అది 1987 దాకా సాగింది. దాని ముఖ్య ఉద్దేశం రెవెన్యూ రిజిస్టర్లను సరిచేసి తాజా చేయడం. ఊరూరా నేలను మొదటినుంచి మళ్లీ కొలవడం కాదు. ఊళ్లోని భూముల వివరాలుండే కొత్త ఎ రిజిస్టర్లో విస్తీర్ణం హెక్టార్లు, ఏర్స్‌లో ఎక్కింది. ఒక ఏర్ అంటే వంద చదరపు మీటర్లు, అంటే 1,076 చదరపు అడుగుల పైమాట. వ్యవసాయ భూమికి ఇది సరిపోయే కొలతే. ఆ పొలమే ప్లాట్లయ్యాక చిక్కు మొదలైంది.

లెక్క చూడండి. అడుగంటే 0.3048 మీటరు, ఇది ఖచ్చితమైన అంకె. గ్రౌండు స్థలం 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు అనుకోండి. 40 అడుగులు 12.192 మీటర్లు, 60 అడుగులు 18.288 మీటర్లు. రెండూ గుణిస్తే 222.97 చదరపు మీటర్లు, అంటే 2.23 ఏర్స్. అక్కడ 2 అని రాసి వదిలేస్తే కాగితం మీద దాదాపు 247 చదరపు అడుగులు పోతాయి. పొడవుల దగ్గరే 12.1, 18.2 అని కత్తిరించి గుణిస్తే ముప్పై చదరపు అడుగులు తగ్గుతాయి. చదరపు అడుగు పదివేలు పలికే చోట అది మూడు లక్షలు. పాత దస్తావేజుల్లో 38 అడుగుల 6 అంగుళాలు అని ఉన్నదాన్ని 38.6 అడుగులుగా చదివేవాళ్లూ ఉన్నారు. నిజానికి అది 38.5. అడుగుకి పన్నెండు అంగుళాలు, పది కాదు.

సర్వేయర్ల మాట వేరు. పాత కొలతలే సరిగ్గా లేవని, అంకెల కన్నా హద్దురాళ్లే ముఖ్యమని వాళ్లంటారు. హద్దులకీ విస్తీర్ణానికీ పొత్తు కుదరకపోతే కోర్టులు సాధారణంగా హద్దులవైపే మొగ్గుతాయన్నదీ నిజమే.

అయితే స్థలదారులు అడుగుతున్నది ఆ ప్రశ్న కాదు. రాయి జరగలేదు, గోడ జరగలేదు, పక్కవాడు పేచీ పెట్టలేదు. తగ్గింది కాగితంలోనే. అలాంటప్పుడు మళ్లీ కొలిపించే ఖర్చు, తాలూకా ఆఫీసు చుట్టూ తిరుగుడు, అర్జీ మీద అర్జీ యజమాని నెత్తిన ఎందుకు పడాలి? పొడవులను ముందు మిల్లీమీటర్ల దాకా మార్చి, గుణించి, చివర్లో ఒక్కసారే అంకెను రౌండ్ చేసి ఉంటే ఈ తేడా వచ్చేదే కాదు. దస్తావేజులోని అడుగులను కూడా పక్కనే రాసి ఉంచితే తప్పు ఎక్కడ దొర్లిందో ఎవరైనా పట్టుకోగలిగేవాళ్లు.

ఇప్పుడు స్థలదారులు కోరేది అదే: పట్టాలో విస్తీర్ణంతో పాటు నాలుగు వైపుల కొలతలూ మీటర్లలో, అడుగుల్లో ఉండాలని. పొడవులు ఎఫ్‌ఎంబీ పటంలో (సర్వే కొలతల పుస్తకంలోని పటం) ఉంటాయిగా అన్నది ఆఫీసు జవాబు. ఉంటాయి, కానీ అది విడిగా తీసుకోవాల్సిన కాగితం. బేరం కుదిరే రోజు బల్ల మీద పట్టాలోని ఒక్క అంకే ఉంటుంది, ధర దాని మీదే తెగుతుంది.