కథ చెప్పడం విశ్లేషణ కాదు: రూపం, శైలి గురించి కొన్ని అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు సినిమా, టీవీ సన్నివేశాల విశ్లేషణ నేర్పుతున్న నాకు మొదటి వారం అందే వ్యాసాలన్నీ ఒకే తీరుగా ఉంటాయి: ముప్పావు వంతు కథ, చివర ‘ఛాయాగ్రహణం అద్భుతం’ అనే ఒక్క వాక్యం.

అపోహ: కథ బలంగా ఉన్న వాస్తవిక చిత్రంలో శైలి గురించి, అంటే కథను ఎలా చూపించారు, ఎలా వినిపించారు అన్నదాని గురించి, చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

వాస్తవం: గడీలోని (దొర కోటలాంటి ఇంట్లోని) వెట్టి జీవితాన్ని చూపిన బి.నర్సింగరావు ‘దాసి’ (1988) గురించి మా వాళ్లు గంటసేపు మాట్లాడతారు గాని, మాటలన్నీ దొర దౌర్జన్యం చుట్టే తిరుగుతాయి. నటనకే కాక ఛాయాగ్రహణానికి, కళా దర్శకత్వానికి, దుస్తుల రూపకల్పనకు కూడా ఆ చిత్రం జాతీయ పురస్కారాలు పొందిందని చెప్పినప్పుడు, గోడలూ గుమ్మాలూ బట్టలూ ఎవరో ఆలోచించి ఎంచుకున్నవేనని వారికి తడుతుంది.

అపోహ: కెమెరాతో మనిషిని కింది నుంచి తీస్తే అధికారం, పైనుంచి తీస్తే నిస్సహాయత.

వాస్తవం: ఈ సూత్రాన్ని బట్టీ పట్టిన వాళ్లను ఖిలా వరంగల్‌కు తీసుకెళ్లి, కాకతీయ తోరణం ముందు నిలబడిన మనిషిని ఫోన్ నేలకు ఆనించి తీయమంటాను. దగ్గరి నుంచి తీస్తే మనిషి తోరణాన్ని కమ్మేస్తాడు. ఇరవై అడుగులు వెనక్కి జరిగి తీస్తే ఆ రాళ్ల ముందు చిన్నబోతాడు. కెమెరా రెండుసార్లూ నేల మీదే ఉంది.

అపోహ: టీవీ సీరియల్‌కు శైలి అంటూ ఉండదు.

వాస్తవం: ఒక అత్తాకోడళ్ల సన్నివేశాన్ని మొదట శబ్దం తీసేసి, తర్వాత టీవీకి దుప్పటి కప్పి నడిపించాను. శబ్దం లేనప్పుడు మిగిలింది వరుసగా ఆరు ముఖాలు, ఒక్కోదాని మీదికి ఒక జూమ్. దుప్పటి కప్పినప్పుడు మాత్రం కథ దాదాపు పూర్తిగా అర్థమైంది. “మా అమ్మ గిట్లనే ఇంటది సార్, పొయ్యికాడ రొట్టెలు చేసుకుంట” అంది పరకాల నుంచి వచ్చే ఒక అమ్మాయి. ఆ రోజు తరగతిలో అంతకు మించిన విశ్లేషణ రాలేదు: పని చేసుకుంటూ వినేవాళ్ల కోసం విషయాన్నంతా మాటకు అప్పగించి, ముఖానికి స్పందనను మాత్రమే మిగిల్చిన శైలి అది. నాకు ఆ మోత నచ్చదు. అది వేరే సంగతి.

విశ్లేషిస్తే ఆనందం పోతుందనే అపోహ కూడా ఉంది. అలా అనేవాళ్లు సాధారణంగా ప్రయత్నించి చూడనివాళ్లు.

అపోహ: ఒకసారి శ్రద్ధగా చూస్తే చాలు.

వాస్తవం: ఒక పెళ్లి సన్నివేశం ఒకే షాట్‌లో నడుస్తుందని నేనే ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. ఒకనాడు ఆపి ఆపి చూస్తే నాలుగు కట్లు, అంటే ఒక షాట్ ఆగి మరొకటి మొదలయ్యే చోట్లు, బయటపడ్డాయి. ఎవరో కెమెరాకు అడ్డంగా నడిచిన ప్రతిసారీ ఎడిటర్ ఒక కట్‌ను దాచాడు. అప్పటి నుంచి షాట్ సంఖ్య, నిడివి, దూరం, కెమెరా కదలిక, శబ్దం అని ఐదు గడులు గీసిన కాగితం నింపకుండా ఏ సన్నివేశం గురించీ మాట్లాడడం లేదు. మూడు నిమిషాల సన్నివేశానికి ఆ కాగితం నింపాలంటే గంట పడుతుంది.