పోర్టర్ ఎవరి పిల్లాడు?

పిల్లలూ,

"ఇంగ్లీషు కథలో పోర్టర్ కాలేజీ గేటు కాస్తున్నాడు, స్టేషన్లో పోర్టరేమో పెట్టెలు మోస్తాడు. ఒకే పేరుకి రెండు పనులేంటి తాతయ్యా?" అని మీలో ఒకరు అడిగారు. నిజానికి అది ఒక మాట కాదమ్మా, రెండు.

ఒకే మంగలి దగ్గర క్రాపు చేయించుకున్న ఇద్దరు కుర్రాళ్లను తలుచుకోండి. వెనకనుంచి చూస్తే ఎవరెవరో పోల్చుకోలేం. లాటిన్‌లో ఉన్నప్పుడు వీళ్ల జుట్టు పొడుగ్గానే ఉండేది, తేడా ఇట్టే తెలిసేది. 'పోర్టా' అంటే ద్వారం, దాన్ని కాసేవాడు 'పోర్టారియస్'. 'పోర్టారే' అంటే మోయడం, మోసేవాడు 'పోర్టాటర్'. ఫ్రెంచి మంగలి ఇద్దరికీ కాస్త కత్తెర వేశాడు. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు గుంపులుగా అక్కడ దిగాయి. ఇంగ్లీషు మంగలి మిగిలిన జుట్టూ తీసేశాడు. ఇంకేముంది, ఇద్దరూ పోర్టర్లే!

చుట్టాల్ని చూస్తే మాత్రం ఎవరి ఇల్లు ఏదో బయటపడుతుంది. పోర్టల్, పోర్టికో గుమ్మంవైపు వాళ్లు. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్ మోతవైపు వాళ్లు. 18వ శతాబ్దంలో లండన్ మోతగాళ్లు ఇష్టంగా తాగిన నల్లటి బీరుకూ పోర్టర్ అనే పేరే పడింది. అది మీకెందుకులెండి.

జానిటర్ సంగతీ చెప్పాలి. వాడూ లాటిన్‌లో ద్వారపాలకుడే. 'జానువా' అంటే తలుపు. అమెరికా చేరేసరికి చీపురు పట్టాడు. తలుపు తీసేవాణ్ణైనా, నేల ఊడ్చేవాణ్ణైనా "ఏయ్" అని పిలవకండి, నాకు కోపం వస్తుంది.

నా చిన్నప్పుడు మా ఇంట్లో అట్ట ఊడిన డిక్షనరీ ఒకటి ఉండేది. మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీస్తుంటే దాన్ని నేలమీద పరిచి, బోర్లా పడుకుని చదివేవాణ్ణి. కొన్ని మాటల పక్కన, కాస్త పైకి, చిన్నగా 1, 2 అని అంకెలుండేవి. రాత ఒకటే అయినా పుట్టుక వేరని వాటి అర్థం. పోర్టర్‌కీ అవి ఉన్నాయి.

ఇంకో వింత. లాటిన్ పుట్టకముందుకు వెళ్తే ఈ పోర్టా, పోర్టారే రెండూ 'దాటడం' అనే అర్థమున్న ఒకే మూలం నుంచి వచ్చాయంటారు భాషావేత్తలు. అంటే మన కుర్రాళ్లిద్దరికీ ఎక్కడో ముత్తాత ఒకడే!

ఇప్పుడు పెద్ద డిక్షనరీ తీసి 'పోర్ట్' దగ్గర ఎన్ని అంకెలున్నాయో చూడండి. రేవూ పోర్టే, ఒక రకం వైనూ పోర్టే, ఓడకి ఎడమ పక్కా పోర్టే. ఎవరు ఎవరి పిల్లలో తేల్చి నాకు రాయండి.

మీ తాతయ్య