కోటా కంటే గట్టిగా తగిలిన మాట

విద్యార్థి ఉద్యమంతో గద్దె దిగిన బంగ్లాదేశ్ మాజీ ప్రధాని షేక్ హసీనాకు, ఆ ఉద్యమాన్ని అణచివేసిన కేసులో ఢాకాలోని ట్రైబ్యునల్ 2025 నవంబరు 17న మరణశిక్ష విధించడంతో పాత వాదన మళ్లీ రాజుకుంది. 2024 జూలైలో బంగ్లాదేశ్ విద్యార్థులు తమంతట తామే కదిలారా, వెనక నుంచి ఎవరైనా కదిలించారా? పాకిస్తాన్ నుంచి విడిపోయేందుకు 1971లో జరిగిన యుద్ధంలో పోరాడిన సమరయోధుల కుటుంబాలకు ప్రభుత్వ ఉద్యోగాల్లో కోటా ఉండేది. ఈ తగవుకు కీలకం మాత్రం 2024 జూలై 14.

అప్పటిదాకా అది కొలువుల గొడవే. ఢాకా విశ్వవిద్యాలయ గ్రంథాలయం ముందు తెల్లవారకముందే పుస్తకాల సంచులు బారులు తీరేవి. సంచి పెట్టి వరుసలో చోటు పట్టుకునేవారు. తలుపులు తెరిచాక చాలామంది ముందేసుకునేది కోర్సు పుస్తకాలు కాదు, సివిల్ సర్వీసు పరీక్షవి. పట్టభద్రులు పెరిగినంతగా చదువుకు తగ్గ ప్రైవేటు ఉద్యోగాలు పెరగలేదు మరి. సాధారణ అభ్యర్థికి 30 ఏళ్లు దాటితే ఆ ఆశా ఉండేది కాదు. ఉన్న పోస్టుల్లో 56 శాతం కోటాలకే. అందులో 30 శాతం సమరయోధుల వారసులకు. 2018లో విద్యార్థులు రోడ్డెక్కితే పై తరగతుల ఉద్యోగాల్లో కోటాలను ప్రభుత్వమే ఎత్తేసింది. 2024 జూన్ 5న హైకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదంది. కోటా తిరిగొచ్చేలా ఉండటంతో విద్యార్థులు మళ్లీ రోడ్డెక్కారు. ఆ తీర్పుపై తమ ప్రభుత్వమే అప్పీలుకు వెళ్లిందని హసీనా వర్గం గుర్తుచేస్తుంటుంది. అది నిజమే.

జూలై 14న విలేకరులతో మాట్లాడుతూ, సమరయోధుల మనవళ్లకు కాకపోతే రజాకార్ల మనవళ్లకు ఇవ్వాలా అన్న అర్థంలో హసీనా ప్రశ్నించారు. అక్కడ రజాకార్ అంటే 1971లో పాకిస్తాన్ సైన్యంతో చేయి కలిపిన ద్రోహి. (మన హైదరాబాద్ రజాకార్ల కథ వేరు.) ఆ రాత్రే అమ్మాయిలూ అబ్బాయిలూ హాస్టళ్ల నుంచి బయటికొచ్చి, అవును, మేం రజాకార్లమే అని ఎత్తిపొడుస్తూ నినాదాలు చేశారు. తన మాటను వక్రీకరించారని ఆమె తర్వాత చెప్పుకున్నారు. కుట్ర అనేవారు మాత్రం ఆ మాట దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. రెండు రోజులకు రంగ్‌పూర్‌లో అబూ సయీద్ అనే విద్యార్థి పోలీసులకు ఎదురుగా చేతులు బార్లా చాచి నిలబడ్డాడు. కాల్పుల్లో చనిపోయాడు.

జూలై 21న సుప్రీంకోర్టు సమరయోధుల కోటాను 5 శాతానికి కుదించి, 93 శాతం పోస్టులను ప్రతిభకు వదిలింది. అడిగింది దాదాపుగా దక్కింది. అప్పటికి దేశంలో ఇంటర్నెట్ లేదు, కర్ఫ్యూ నడుస్తోంది, విద్యార్థులు చనిపోయినవారిని లెక్కపెట్టుకుంటున్నారు.