సర్జరీ తర్వాత మిగిలిపోయే నొప్పి మాత్రలు: డిశ్చార్జ్ రోజు రోజూ వినే అపోహలు

నేను అమెరికాలో సర్జరీ ఫ్లోర్ మీద నర్సుని. డిశ్చార్జ్ పేపర్లు చదివి చెప్పి ఇంటికి పంపడం నా పనిలో పెద్ద భాగం. మనవాళ్ళు కూడా బాగానే వస్తారు, సిజేరియన్లు, గాల్ బ్లాడర్లు, గ్రీన్ కార్డ్ మీద వచ్చిన అమ్మానాన్నల మోకాళ్ళు. ఆక్సికోడోనో, హైడ్రోకోడోనో, ట్రామడాలో రాసి పంపిస్తారు, అన్నీ ఓపియాయిడ్సే, అంటే నల్లమందు తరహాలో పనిచేసే, అలవాటయ్యే గట్టి నొప్పి మాత్రలు. నాలుగు వేసుకుంటారు, మిగతావి బాటిల్లో అలాగే ఉండిపోతాయి. మనవాళ్ళనే అనట్లేదు లెండి, 2017లో జామా సర్జరీ అనే మెడికల్ జర్నల్లో వచ్చిన ఒక రివ్యూ చూస్తే 67 నుంచి 92 శాతం పేషెంట్లకి మాత్రలు మిగిలాయి, అడిగినవాళ్ళలో దాదాపు ముప్పావు వంతు మంది వాటిని తాళం వేసి కూడా పెట్టలేదు.

అపోహ: "మా ఇంట్లో అవెవరు తింటారండీ?"

ఈ మాట అనని ఫ్యామిలీ లేదు. కానీ ఈ మాత్రలు డాక్టర్ రాయకుండా వాడేవాళ్ళలో చాలామందికి అవి దొరికేది వీధిలో కాదు, ఫ్రెండ్స్ దగ్గర, చుట్టాల దగ్గర, అంటే ఎవరో ఒకరి బాత్రూమ్ అల్మారాలో. వీకెండ్ పాట్‌లక్‌కి పాతికమంది వస్తారు, పిల్లలంతా మేడమీద ఆడుకుంటుంటారు, టీనేజర్లు ఏ రూమ్‌లో ఉన్నారో కూడా చూడం. మీ పిల్లాడు బంగారమే, వాడి ఫ్రెండ్ సంగతి మీకు తెలీదు కదా.

అందుకే నేను "అర్థమైందా?" అని అడగడం మానేశా, అందరూ తలూపుతారు. "ఇంటికెళ్ళాక ఈ బాటిల్ ఎక్కడ పెడతారు?" అంటా. అప్పుడు వస్తాయి అసలు సమాధానాలు: ఫ్రిజ్ మీద, మంచం పక్కన, దేవుడి గదిలో. తాళం ఉన్న చిన్న క్యాష్ బాక్స్ చాలు, లేదా సూట్‌కేసుకి నంబర్ లాక్ వేసి అందులో పెట్టండి. ఎన్ని మిగిలాయో ఒక చీటీ మీద రాసుకుంటే ఇంకా మంచిది, తగ్గితే వెంటనే తెలుస్తుంది. ఇంకోటి, నా అభిప్రాయం ఇది, ఇవన్నీ సర్జరీకి ముందు విజిట్లోనే చెప్పాలి. డిశ్చార్జ్ రోజు పేషెంటు మత్తులో ఉంటారు, కొడుకు కారు తేవడానికి వెళ్తాడు, పేపర్లు బ్యాగులోకి వెళ్ళి మళ్ళీ బయటకి రావు.

అపోహ: "ఆ మూత పిల్లలు తీయలేరు"

ఆ నొక్కి తిప్పే మూతకి టెస్ట్ ఎలా చేస్తారంటే, మూడున్నర నుంచి నాలుగేళ్ళు దాటిన పిల్లలకి ఇచ్చి చూస్తారు, తీసే విధానం చూపించాక కూడా 80 శాతం మంది తీయలేకపోతే పాస్. అంటే ఐదుగురిలో ఒకరు తీసేసినా మూత పాసే! అది ఆలస్యం చేస్తుంది, ఆపదు. పైగా అమ్మమ్మలకి చేతులు నొప్పులని ఫార్మసీలో మామూలు మూత అడిగి తీసుకుంటారు, లేదా బీపీ మాత్రలతో కలిపి ఆ వారం డబ్బాలో సర్దేస్తారు, ఆ డబ్బా హ్యాండ్ బ్యాగులో, ఆ బ్యాగు సోఫా మీద. రెండేళ్ళ పిల్లకి పెద్దవాళ్ళ మాత్ర ఒక్కటే ఊపిరి ఆపేయొచ్చు. మింగిందని డౌట్ వస్తే లక్షణాల కోసం చూస్తూ కూర్చోకండి, 1-800-222-1222 పాయిజన్ కంట్రోల్, మగతగా ఉన్నా ఊపిరి నెమ్మదించినా నేరుగా 911. ఓపియాయిడ్ ఎక్కువై ఊపిరి ఆగుతుంటే దానికి విరుగుడుగా ముక్కులో కొట్టే నార్కాన్ స్ప్రే 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే అమ్ముతున్నారు, ఒకటి ఇంట్లో ఉంచండి.

అపోహ: "దాచుకుంటే ఎప్పుడైనా పనికొస్తాయి"

ఆర్నెల్ల తర్వాత వచ్చిన నడుం నొప్పి వేరు, అప్పటికి వేసుకుంటున్న మందులు వేరు. నిద్రమాత్రతోనో, రెండు పెగ్గులతోనో కలిస్తే ప్రమాదం. మన ఇళ్ళలో ఇంకో గొడవ ఉంది. నార్కో, పెర్కోసెట్ లాంటి వాటిలో ఓపియాయిడ్‌తో పాటు పారాసెటమాల్ కూడా ఉంటుంది, ఇక్కడ లేబుల్ మీద ఎసిటమినోఫెన్ అని రాస్తారు. రెండు నార్కోలు వేసుకుంటే 650 మిల్లీగ్రాములు, ఇండియా నుంచి తెచ్చిన డోలో 650 ఒకటి తోడైతే 1300, రోజుకి నాలుగుసార్లంటే 5200. పెద్దవాళ్ళకి రోజుకి 4000 దాటకూడదు, లివర్ దెబ్బతింటుంది. టైలెనాల్‌తోనే (ఇక్కడి పారాసెటమాల్) సరిపోతోంది అనిపించిన రోజున ఆ బాటిల్ పని అయిపోయినట్టే. (ఎప్పటినుంచో రోజూ ఓపియాయిడ్స్ వాడుతున్నవాళ్ళు మాత్రం సడన్‌గా ఆపకూడదు, డాక్టర్‌ని అడగాలి.)

పారేయడం గురించి అయితే రెండు వర్గాలు. "ఏ మందైనా టాయిలెట్లో ఫ్లష్ చేసేయొచ్చు" అనేవాళ్ళు, "అసలు చేయకూడదు, నీళ్ళు పాడవుతాయి" అనేవాళ్ళు. ఇద్దరిదీ సగమే కరెక్ట్. మొదట చూడాల్సింది ఫార్మసీల్లో, పోలీస్ స్టేషన్లలో మిగిలిన మందులు వేయడానికి ఉండే డ్రాప్ బాక్స్. కౌంటర్లో ఫార్మసిస్ట్ చేతికిస్తే తీసుకోరు, మీరే బాక్స్‌లో వేయాలి. డీఈఏ (మత్తుమందుల మీద నిఘా పెట్టే ఇక్కడి ప్రభుత్వ సంస్థ) వాళ్ళు ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మిగిలిన మందులు వెనక్కి తీసుకునే టేక్ బ్యాక్ డే పెడతారు, ఎవరు ఏమిటని అడగరు. పోస్టులో పంపే కవర్లు ఉన్నాయేమో కూడా ఫార్మసీలో అడగండి. ఇవేవీ దగ్గర్లో లేకపోతే అప్పుడు ఎఫ్‌డీఏ (మందులకి అనుమతులిచ్చే ఇక్కడి ప్రభుత్వ సంస్థ) ఫ్లష్ చేయొచ్చని చెప్పిన మందుల లిస్ట్ చూడండి: ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్, మార్ఫిన్, టాపెంటడాల్ అందులో ఉన్నాయి, టాయిలెట్లో వేసేయొచ్చు, ఇంట్లో ఒక్క డోస్‌తో ప్రాణం పోయే ముప్పు కన్నా నీళ్ళకి జరిగే నష్టం చాలా తక్కువని వాళ్ళ లెక్క. ట్రామడాల్ ఆ లిస్టులో లేదు. దాన్ని పొడి చేయకుండా ఫిల్టర్ కాఫీ వేశాక మిగిలే పిప్పిలో కలిపి, జిప్ కవర్లో మూసి చెత్తలో వేయండి. బాటిల్ మీద పేరు గీకేయడం మర్చిపోకండి.

చివరిది మన స్పెషల్. "ఇంత ఖరీదైన మందు పారేయడమేంటి, ఇండియా వెళ్ళేటప్పుడు తీసుకెళ్తే పెద్దనాన్న మోకాళ్ళకి పనికొస్తుంది." వద్దు. మీ పేరు మీద రాసిన ఓపియాయిడ్ ఇంకొకరికి ఇవ్వడం ఇక్కడ నేరం, అక్కడ ఆక్సికోడోన్ ఎన్‌డీపీఎస్ చట్టం (ఇండియాలో మత్తుమందుల చట్టం) కిందకొస్తుంది, 2018 నుంచి ట్రామడాల్ కూడా అంతే. పెద్దనాన్నకి షుగరుందో, కిడ్నీ ఎలా ఉందో, రాత్రి గురకతో ఊపిరి ఆగుతుందో మీకు తెలీదు. ఆయనకి మోకాలికి తొడుక్కునే మంచి నీ-క్యాప్ ఒకటి కొని తీసుకెళ్ళండి.