గుండు మీద గుండు ఎవరు పెట్టారు?

బుజ్జీ,

ఫోన్లో అడిగినదానికి ఫోన్లోనే చెబుదామనుకున్నాను, ఇంతలో మీ అమ్మ "హోంవర్క్ టైమ్ నాన్నా" అని పెట్టేసింది. అందుకే రాస్తున్నాను. మీ క్లాసు పిల్లలకి కూడా చదివి వినిపించు, వాళ్లూ రోజూ ఆ ఖాజాగూడ గుట్ట పక్కనుంచే కదా బస్సులో వెళ్లేది. అంత పెద్ద గుండు ఇంకో గుండు మీద, కాస్త గాలేస్తే దొర్లిపోతుందా అన్నట్టు ఎలా నిలబడింది, ఎవరు ఎక్కించారు అని అడిగావు. మీ పుస్తకంలో దీనికి శిలాశైథిల్యం అని పేరు. అది పరీక్షకి ఉంచుకో, ఇప్పుడు పక్కన పెట్టు.

వంటింట్లో బెల్లం దిమ్మ ఉంటుంది చూడు. చెరుకు రసం కాచి కాచి చిక్కటి పాకం చేసి అచ్చులో పోస్తే, అది చల్లారి గట్టిపడితే బెల్లం. మన హైదరాబాద్ గ్రానైటూ అలాగే పుట్టింది, నేల కింద కిలోమీటర్ల లోతున, కరిగిన రాతి పాకం నుంచి. పైన అంత మందాన రాయి దుప్పటిలా కప్పి ఉంటే వేడి ఎక్కడికి పోతుంది? చాలా చాలా నెమ్మదిగా చల్లారింది. నెమ్మదిగా చల్లారితే పలుకులు పెద్దవి కడతాయి, పటికబెల్లం చూశావుగా. అందుకే ఈ రాతిలో గాజులా ఉండే క్వార్ట్జ్, గులాబీగానో తెల్లగానో ఉండే ఫెల్డ్‌స్పార్, నల్లగా మెరిసే అభ్రకం విడివిడిగా కంటికే కనిపిస్తాయి.

ఇప్పుడు ఆ దిమ్మని పలకలుగా కొట్టి, డబ్బాలో పెట్టకుండా వానాకాలంలో పళ్లెంలో వదిలేశావనుకో. చెమ్మకి ముందు ఏది కరుగుతుంది? మూలలు. మూలకి మూడు వైపుల నుంచి చెమ్మ తగులుతుంది, అంచుకి రెండు వైపుల నుంచి, మధ్యలో ఒక్క వైపే. కొన్నాళ్లకి పలకగా ఉన్న ముక్క గుండ్రంగా తయారవుతుంది. రాతికీ అదే జరిగింది. పైనున్నదంతా కోట్ల ఏళ్లలో అరిగి కొట్టుకుపోయాక, బరువు తగ్గిన బండ ఒళ్లు విరుచుకున్నట్టు నిలువునా అడ్డంగా పగిలింది. పగుళ్లలోకి వాన నీళ్లు దిగాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి ఆ నీళ్లకి రవ్వంత పులుపు వస్తుంది, దాంతో ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమట్టి అయిపోతుంది, పట్టు వదిలిన మిగతా పలుకులు మొరంగా రాలతాయి. బెల్లానికి చీమలు పట్టినట్టు దీనికి రావి వేళ్లు పడతాయి, అవి పగుళ్లని ఇంకా వెడల్పు చేస్తాయి. చివరికి మొరమంతా కొట్టుకుపోతే మిగిలినవే గుండ్లు.

అంటే పై గుండుని ఎవరూ ఎక్కించలేదు బుజ్జీ. అది మొదటినుంచీ అక్కడే ఉంది, దాని చుట్టూ ఉన్నదే పోయింది.

నీ వయసులో మౌలాలి గుట్ట కింద నేనూ ఇదే అడిగాను. మా నాయనమ్మ, భీముడు గోళీలాడి వదిలేసి పోయాడు అంది. బళ్లో సారు "సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నారు. నాకు బండలు కొట్టే ఒక వడ్డెర తాత దొరికాడు. సుత్తితో రాతిని తట్టి చెవి పెట్టి వినేవాడు, ఖంగుమంటే గట్టి రాయి, బోలుగా మోగితే లోపల పొర విడిచింది అని. నేను అడిగితే జవాబు చెప్పలేదు, సుత్తి నా చేతిలో పెట్టాడు. కొట్టి చూశాను. ఒకచోట బోలుగా మోగింది, అక్కడ ఉల్లిపాయ పొరలా పెచ్చు లేచి ఉంటే చేత్తోనే ఊడదీశాడు, వెనకాల రాయి నా వేళ్ల మధ్య పొడిపొడిగా రాలింది. అంత గట్టి రాయి! ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరైనా కూర్చో అంటే నువ్వు కూర్చో తల్లీ, నీ ప్రశ్నని మాత్రం కూర్చోబెట్టకు.

ఈ రాతి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. సెకనుకి ఒక ఏడాది చొప్పున, తిండీ నిద్రా మానేసి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్లు. 1591లో మొదలైన చార్మినార్ దగ్గరికి ఏడు నిమిషాల్లో చేరతావు. డైనోసార్లు అంతరించిన కాలానికి రెండేళ్లు దాటుతుంది. ఈ రాయి పుట్టిన చోటికి చేరేసరికి 79 ఏళ్లు. నాకు ఇప్పుడు 74, నేను పుట్టగానే మొదలుపెట్టినా ఇంకా దారిలోనే ఉండేవాణ్ణి. అలాంటిదాన్ని ఒక్క పూటలో పేల్చేసి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు, మేం ఎక్కి ఆడుకున్న గుండ్లలో సగం ఇప్పుడు లేవు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఈ ఆదివారం వాన వెలిశాక నాన్నని తీసుకుని వెళ్లు. గుండు కింద దూరొద్దు, నాచు మీద కాలు పెట్టొద్దు. కింది బండలో తెల్లటి చార ఎక్కడైనా ఉందేమో వెతుకు. దొరికితే అది పై గుండులో కూడా, అదే వరుసలో, అదే మందాన సాగుతోందేమో చూడు. సాగితే ఏమైనట్టో నేను చెప్పను, బొమ్మ గీసి నీకేమనిపించిందో పక్కన రాసి పంపు. పగుళ్ల దగ్గర మొరం పిడికెడు తీసి అగ్గిపెట్టెలో దాచు, నేను వచ్చినప్పుడు ఇద్దరం భూతద్దం పెట్టి చూద్దాం.

నీ తాతయ్య
మౌలాలి