మ్యూజికల్ నాటకానికి ప్రచారం: అపోహలు - వాస్తవాలు

పగలు ఉద్యోగాలు, సాయంత్రాలు రిహార్సల్స్. ఏడాదికి రెండు మ్యూజికల్ నాటకాలు వేసే ఔత్సాహికుల బృందం మాది. నేను మొదట్లో కోరస్‌లో పాడేదాన్ని. ఒక మీటింగులో "ఈసారి పబ్లిసిటీ ఎవరు చూస్తారు?" అని అడిగితే అందరూ తలలు దించుకున్నారు. నేను దించుకోవడం కాస్త ఆలస్యమైంది. అప్పటి నుంచి ఆ పని నాదే. నాటకం మారినప్పుడల్లా డైరెక్టర్ మారతారు, నటులు మారతారు, ప్రచారం గురించి వాళ్లు చెప్పే మాటలు మాత్రం మారవు. వాటిలో కొన్ని ఒకప్పుడు నేనూ నమ్మినవే.

అపోహ: నాటకం బాగుంటే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు

ఈ మాట అనేవాళ్లు సాధారణంగా 'ఓక్లహోమా!' అనే పాత అమెరికన్ మ్యూజికల్ కథ ఎత్తుకుంటారు. కథ నిజమే. న్యూ హేవెన్‌లో 'అవే వుయ్ గో!' అన్న పేరుతో ట్రయల్ షోలు వేశారు. తర్వాత పేరు మార్చి 1943 మార్చి 31న న్యూయార్క్‌లోని సెయింట్ జేమ్స్ థియేటర్‌లో మొదలుపెడితే, మొదటి రాత్రి హాలు పూర్తిగా నిండలేదు. చూసినవాళ్లు చెప్పగా చెప్పగా టికెట్ దొరకడమే గగనమైంది. మొత్తం 2,212 ప్రదర్శనలు నడిచింది.

మాకు అన్ని ఎక్కడివి? రెండు వారాంతాలు, ఆరు షోలు. మొదటి వారం చూసినాయన సోమవారం ఆఫీసులో చెప్పి, విన్నాయన ఇంట్లో అడిగి, ఇంట్లోవాళ్లు సరేనని టికెట్ కొనబోయేసరికి మేము సెట్టు విప్పి లారీకి ఎక్కిస్తుంటాం. నోటిమాటకు ఉన్న బలం దేనికీ లేదు, ఒప్పుకుంటాను. చిన్న బృందానికి మాత్రం అది తెర లేవకముందే మొదలవ్వాలి. అప్పటికి నాటకం చూసి ఉన్నదెవరు? నటులు, వాద్యకారులు, బట్టలు కుట్టేవాళ్లు, లైట్లవాళ్లు. కాబట్టి ప్రచారం వాళ్లతోనే మొదలవ్వాలి.

ఒక సీజన్‌లో బుకింగ్ కౌంటర్ దగ్గర నోటుబుక్కు పెట్టి, టికెట్ కొన్న ప్రతివారినీ "మీకెలా తెలిసింది?" అని అడిగి గీతలు గీయించాను. పోస్టర్, పేపరు, ఫేస్‌బుక్, ఈమెయిల్, 'నాటకంలో తెలిసినవాళ్లున్నారు' అని ఐదు గడులు. మూడో రోజుకల్లా ఆఖరి గడిలో చోటు చాలక పక్క పేజీలోకి వెళ్లాల్సి వచ్చింది. అంతవరకూ నా టైమంతా తినేసిన పోస్టర్ గడిలో గీతలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ తర్వాత నటులకు "షేర్ చేయండి" అని చెప్పడం మానేశాను. రిహార్సల్‌కు తెల్లకాగితాలు పట్టుకెళ్లి, "ఏ రోజుకి ఎవరిని పిలుస్తారో పేర్లు రాయండి" అంటాను. పేరు రాసుకున్నవాళ్లు ఫోన్ చేస్తారు. ఊరందరికీ కలిపి ఒక పోస్టు పెట్టినవాళ్లు తమ వంతు అయిపోయిందనుకుంటారు. ఇందులోనూ ఒక చిక్కుంది. వదిలేస్తే అందరూ చుట్టాలను ఆఖరి శనివారానికే పిలుస్తారు. ఆ రోజు ఎటూ నిండుతుంది. మాకు గండం రెండో వారం గురువారం. అందుకే కాగితం మీద గురువారాన్ని పైన వేస్తాను, ఆఖరి శనివారం అట్టడుగున, చిన్న అక్షరాల్లో.

అపోహ: పోస్టర్ మీద అన్ని వివరాలూ ఉండాలి

కథ నాలుగు ముక్కల్లో, నటులందరి పేర్లు, స్పాన్సర్ల లోగోలు, డైరెక్టర్‌కు నచ్చిన పాటలో ఒక పంక్తి. ఇవన్నీ ఎక్కించాక తేదీ వెతుక్కోవాలి. 1981లో లండన్‌లో మొదలైన 'క్యాట్స్' మ్యూజికల్ పోస్టర్ చూడండి. నల్లటి కాగితం మీద రెండు పసుపు కళ్లు, కంటిపాపల్లో నాట్యం చేస్తున్న మనుషులు. అంతే. మనం అంత క్లుప్తంగా ఉండలేం. మన నాటకం ఎక్కడ, ఎప్పుడు అన్నది చెప్పడానికి ఇంకో పోస్టర్ ఉండదు కదా. దారి మాత్రం అదే: ఒక బొమ్మ, నాటకం పేరు, తేదీలు, చోటు, టికెట్ ఎక్కడ కొనాలి. ప్రింటుకు ఇచ్చేముందు నమూనా ఒకటి గోడకు అంటించి పది అడుగులు వెనక్కి వెళ్లి చదువుతాను. నాకు కళ్లజోడు ఉంది కాబట్టి పరీక్ష న్యాయంగానే జరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన పాఠం అవమానంతో వచ్చింది. ఒకసారి పోస్టర్ మీద 'శనివారం, 14' అని వేశాం. 14 శుక్రవారం. డిజైన్‌ను నలుగురం చూశాం, నలుగురం రంగుల గురించే మాట్లాడాం. ప్రెస్సు నుంచి కట్టలు వచ్చి, తాళ్లు కోసి, సగం పంచేశాక ట్రంపెట్ వాయించే కుర్రాడు ఒకటి చేతిలోకి తీసుకుని "అక్కా, పద్నాలుగు శుక్రవారం కదా?" అన్నాడు. ఆ రాత్రి స్టేజీ మీదే కూర్చుని చిన్న స్టిక్కర్లు అంటించాం. అలసిపోయాక అంటించినవన్నీ వంకర. పంచేసిన సగాన్ని వెతుక్కుంటూ మర్నాడు తిరిగాం. ఇప్పుడు ఏ కాగితమైనా ప్రింటుకు వెళ్లేముందు ఒకరు క్యాలెండర్ పక్కన పెట్టుకుని తేదీలు పైకి చదవాలి, ఇంకొకరు క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి, అక్కడున్న నంబరుకు డయల్ చేసి చూడాలి. ఆ ఇద్దరూ డిజైన్ చేసినవాళ్లు కాకూడదు.

అపోహ: లైసెన్సు గొడవ సెక్రటరీది, ప్రచారానికి సంబంధం లేదు

బృందాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఇంకా కాపీరైట్ ఉన్న మ్యూజికల్ వేయాలంటే మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్, కాంకర్డ్ థియేట్రికల్స్ లాంటి సంస్థల దగ్గర హక్కులు తీసుకోవాలి. ఆ ఒప్పందంలో ప్రచారం చేసేవాళ్ల కోసమే రాసినట్టుండే షరతులు చాలా ఉంటాయి.

మొదటిది, ఒప్పందం పూర్తికాకముందే నాటకం పేరు ప్రకటించకూడదు. దరఖాస్తు పెట్టినంత మాత్రాన హక్కులు వచ్చినట్టు కాదు. అదే నాటకాన్ని వృత్తి సంస్థ ఏదైనా దగ్గర్లో వేయబోతుంటే మనకు ఇవ్వకపోవచ్చు. పేరు చెప్పేసి తర్వాత నాలుక కరుచుకోవడం కంటే ఓ నెల ఓపిక పట్టడం మేలు.

రెండోది, పేర్లు. రచయిత, స్వరకర్త, గేయరచయిత పేర్లు ఎక్కడ రావాలో, నాటకం పేరు సైజులో ఎంత శాతం ఉండాలో కూడా ఒప్పందంలో ఉంటుంది. డిజైన్ చేసే పిల్లలు "అందం పాడవుతోంది" అని ముందుగా తీసేసేది ఆ పంక్తినే. వాళ్లకు ఒప్పందంలోని ఆ పేజీ జిరాక్స్ తీసి ఇస్తాను, నోటితో చెప్పను.

మూడోది, బొమ్మ. 'లే మిజరబ్ల్' మ్యూజికల్ అనగానే గుర్తొచ్చే చిన్నపిల్ల ముఖం విక్టర్ హ్యూగో నవలకు ఎమీల్ బయార్ గీసిన పాత బొమ్మ నుంచి వచ్చింది. బొమ్మ 19వ శతాబ్దానిదే, దాన్నుంచి చేసిన లోగో మాత్రం ట్రేడ్‌మార్క్. నాటకం వేసే హక్కు ఉన్నంత మాత్రాన లోగో వాడుకునే హక్కు వచ్చినట్టు కాదు. చాలా నాటకాలకు లోగోను విడిగా కొనుక్కోవాలి. లేదంటే సొంతంగా గీయించుకోవాలి. నా ఓటు సొంత బొమ్మకే. సినిమానో పెద్ద కంపెనీ షోనో అనుకుని వచ్చి నిరాశపడేవాళ్లు ఉండరు.

ఇక వీడియో. రిహార్సల్‌లో ఒక పాట బ్రహ్మాండంగా వచ్చింది, ఫోన్‌లో తీశారు, రాత్రికి రాత్రి పెట్టేశారు. దానికి అనుమతి ఉందా? ఒక్కో నాటకానికి ఒక్కో నియమం. కొన్నిటికి కొద్ది సెకన్ల క్లిప్పు ఒప్పుకుంటారు, కొన్నిటికి అస్సలు వద్దంటారు. వేషాలు వేసుకుని బజార్లో ఒక సీను ఆడి పాడటం కూడా అంతే. హాల్లో వేసే షోలకు తీసుకున్న లైసెన్సు దానికి వర్తిస్తుందని అనుకోకండి, రాసి అడగండి. ఇవేవీ వద్దనుకుంటే 19వ శతాబ్దపు బ్రిటిష్ జంట గిల్బర్ట్ (రచయిత), సలివన్ (స్వరకర్త)ల పాత ఆపెరాలున్నాయి, అంటే సరదా సంగీత నాటకాలు. బ్రిటన్‌లో వాటి కాపీరైట్ 1961తోనే ముగిసింది. అయితే ఈ మధ్య ఎవరైనా వాటికి కొత్తగా వాద్యసంగీతం కూర్చి ఉంటే దాని హక్కులు వాళ్లవి.

అపోహ: మంచి రివ్యూ ఒక్కటి పడితే చాలు

1985 అక్టోబర్ 8న లండన్‌లోని బార్బికన్‌లో 'లే మిజరబ్ల్' ఇంగ్లిష్ ప్రదర్శన మొదలైనప్పుడు విమర్శకులు చాలామంది పెదవి విరిచారు. జనం మాత్రం క్యూ కట్టారు. రివ్యూకు అంత శక్తి లేదనడానికి ఇదొక సాక్ష్యం. మా లాంటివాళ్ల బాధ ఇంకా చిన్నది: రివ్యూ వచ్చేసరికి సగం షోలు అయిపోతాయి. మనకు కావాల్సింది ముందు పడే వార్త.

అది పడాలంటే వార్త ఉండాలి. నా మొదటి ప్రెస్‌నోట్లన్నీ 'అద్భుత సంగీత దృశ్యకావ్యం' తరహావి. మూడోది పంపాక ఒక విలేకరి ఫోన్ చేసి, "అమ్మా, నాటకం గురించి ఇంటర్నెట్‌లో బోలెడుంది. మీలో ఎవరి గురించి రాయమంటారు?" అన్నారు. ఏం చెప్పాలో తెలియక, మా ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్ వాయించే బస్సు డ్రైవర్ గురించి చెప్పాను. రూటు చివర బస్సు ఆగే పావుగంటలో స్వరాల కాగితాలు స్టీరింగ్ మీద పరుచుకుని వేళ్లతో సాధన చేస్తాడు. ఫొటోతో సహా అచ్చయింది. అందులో నాటకం గురించి ఉన్నది రెండే రెండు వాక్యాలు: పేరు, తేదీలు. ఆ వారం ఫోన్ మోగుతూనే ఉంది.

టైము కూడా చూసుకోవాలి. మాసపత్రికకు రెండు మూడు నెలల ముందు, వారపత్రికకు మూడు వారాల ముందు, దినపత్రికకు పది పదిహేను రోజుల ముందు పంపుతాను. అప్పటికి దుస్తులు సిద్ధం కావు, ఫొటో లేకుండా పంపితే పక్కన పడేస్తారు. అందుకే కుట్టేవాళ్లను మొదటి నెలలోనే బతిమాలి రెండంటే రెండు వేషాలు పూర్తి చేయించుకుంటాను. ఇద్దరు మనుషులు, ఒక చూపు, ఒక కదలిక. ముప్పై మంది వరుసగా నిలబడిన గ్రూప్ ఫొటో వాళ్ల ఇళ్లల్లో గోడకు బాగుంటుంది.

అపోహ: సోషల్ మీడియా ఉండగా ఇంకేం కావాలి

మా పేజీని ఫాలో అయ్యేవాళ్లు ఎవరా అని ఒకసారి తీరిగ్గా చూశాను. మేమే. మేము, మా చుట్టాలు, పక్క బృందాలవాళ్లు. 'ఇంట్రెస్టెడ్' నొక్కినవాళ్లను సీట్లుగా లెక్కేసుకుని ఒకసారి ప్రోగ్రాం పుస్తకాలు ఎక్కువ వేయించాం, అవి ఇప్పటికీ అట్టపెట్టెలో ఉన్నాయి. ఇంటర్వెల్‌లో ప్రేక్షకులను అడిగి రాసుకున్న ఈమెయిల్ జాబితా చిన్నదే, కానీ ఒకసారి మా నాటకం చూసినవాళ్లది. మొదటి టికెట్లు అక్కడి నుంచే తెగుతాయి.

అపోహ: సీట్లు మిగిలితే పాస్‌లు పంచేస్తే సరి

ఊరికే వచ్చిన పాస్ వాన పడితే జేబులోనే ఉండిపోతుంది. పైగా డబ్బు పెట్టి కొన్నాయనకు పక్క సీటాయన పాస్ మీద వచ్చాడని తెలిస్తే, వచ్చేసారి ఆయనా ఆగి చూస్తాడు. నేను పాస్‌లు ఇచ్చేది ఒక్క సందర్భంలోనే: ఆఖరి డ్రెస్ రిహార్సల్‌కు, అంటే వేషాలతో సహా షోలాగే చేసే రిహార్సల్‌కు. అదీ రోజూ పదిమందితో మాట్లాడే పని ఉన్నవాళ్లకు, అంటే టీచర్లు, నర్సులు, జుట్టు కత్తిరించేవాళ్లు, లైబ్రరీలో కూర్చునేవాళ్లకు. దీనికీ హక్కుల సంస్థను ముందే అడగాలి. ప్రేక్షకులుంటే దాన్ని ప్రదర్శన కిందే లెక్కేయొచ్చు.

అపోహ: జనం అడిగేది కథేంటని

బుకింగ్ ఫోన్ ఒక సీజన్ మొత్తం నా దగ్గరే ఉంది. కథ అడిగినవాళ్లు తక్కువ. "ఎన్నింటికి అయిపోతుంది?" అని అడిగారు. "మా అమ్మ మెట్లెక్కలేదు, ముందు వరుసలో దొరుకుతుందా?" "ఆరేళ్ల పిల్లాడు కూర్చోగలడా? తుపాకీ శబ్దాలేమైనా ఉన్నాయా?" "బండి ఎక్కడ పెట్టాలి?" ఈ నాలుగింటికీ జవాబు టికెట్ కొనే పేజీలో, తేదీల కిందే పెట్టాను. మరుసటి నాటకానికి ఫోన్లు తగ్గాయి. డైరెక్టర్ కంగారుపడి "ఫోన్ మోగడం లేదేంటి, జనానికి తెలియలేదా?" అని రెండుసార్లు అడిగారు. రెండో వారం గురువారం సీట్ల చార్టు తెరిచి చూపించాను.